అర్జీకి అభినయం

జిల్లాలో సమస్యలు ఎందుకు తీరడం లేదో చక్రధరరావుగారికి బెంగుళూరులో తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్ళుగా ఆయన ఈ జిల్లాలోనే రకరకాల కుర్చీల్లో కూర్చుని ఆలోచించినా తెలియలేదు. ఎవరో పెద్ద సంస్థవాళ్ళు అధికారులందరినీ పిలిచి, చల్లటి గదిలో గుండ్రంగా కూర్చోబెట్టి, కథ చెప్పడమనే విద్య మీద తరగతులు పెట్టారు. చివరిరోజున ఒక్కొక్కరినీ లేచి తమ చిన్నతనం గురించి చెప్పమన్నారు. చక్రధరరావుగారు ఐదో తరగతిలో పోగొట్టుకున్న సైకిలు గురించి చెప్పి, తాను ఏడ్చి, పక్కనున్న మత్స్యశాఖాధికారిని కూడా ఏడిపించారు. ఆ ఏడుపులోంచి లేచేసరికి ఆయనకి జ్ఞానోదయమైంది. మన జనానికి కష్టాలకేం లోటు లేదు, ఉన్న కష్టాన్ని రక్తి కట్టించి చెప్పడమే చేతకావడం లేదు.

తిరిగివస్తూనే పైవాళ్ళని ఒప్పించి, జిల్లా కథనాధికారి అనే పదవిని పుట్టించి, అందులో తనే కూర్చున్నారు. పశువుల ఆసుపత్రి కొత్త భవనంలోకి మారడంతో ఖాళీ పడిన పాత షెడ్డుకి సున్నం కొట్టించి, యువజన నటన, కథన నైపుణ్య కేంద్రం అని బోర్డు పెట్టించారు. సూదిమందు వేసేటప్పుడు గేదెల్ని కట్టేసే ఇనప చట్రం మాత్రం హాలు నడిమధ్యనే ఉండిపోయింది. దాన్ని పీకాలంటే పశుసంవర్ధక శాఖ అనుమతి కావాలి. అది వచ్చేదాకా నటులు దాని చుట్టూ తిరిగి నటించారు.

కేంద్రం ఉద్దేశం దొడ్డది. చదువుకుని ఖాళీగా ఉన్న పల్లెటూరి కుర్రకారుకి నటన, కథ చెప్పడం నేర్పాలి. వాళ్ళు ప్రతి సోమవారం కలెక్టరాఫీసులో జరిగే అర్జీల దర్బారుకి వెళ్ళి, చెప్పుకోవడం రాని జనానికి సాయపడాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, రక్తి కట్టందే సర్కారు మాత్రం ఎలా పెడుతుందని చక్రధరరావుగారు సభల్లో అడిగేవారు. 

నల్లరేవు పేట ప్రశాంతి ఆ కేంద్రంలో చేరింది నటన మీద మోజుతో కాదు. ఆ పిల్లకి కావలసింది వంతెన.

పేట పెద్దమురుగు కాలవకి అవతలి ఒడ్డున ఉంటుంది. బడి, ఆసుపత్రి, రేషను కొట్టు, రోడ్డు, ఒక్కమాటలో చెప్పాలంటే ప్రభుత్వం అనే పదార్థమంతా ఇవతల ఉంటుంది. మధ్యనున్న వంతెన ముందటేడు తుఫానుకి కొట్టుకుపోయింది. అప్పటినుంచీ పేటవాళ్ళు మురుగు మీద అడ్డంగా పడేసిన తాటిదూలం మీద నడుస్తున్నారు. వానాకాలం దాని మీద పాచి పడుతుంది. ప్రశాంతి తల్లి ఏస్తేరు కోటా బియ్యం నెత్తిన పెట్టుకుని వస్తూ జారిపడి ముంజెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళే బడికి పోతున్నారు, రానివాళ్ళని తల్లులు పంపడం మానేశారు.

ప్రశాంతి డిగ్రీ చదివింది కనక అర్జీలు తనే రాసేది. సోమవారం సోమవారం తిరిగేది. చక్రధరరావుగారు పదవిలోకి వచ్చాక ఆ అర్జీ ఆయన చేతిలో పడింది. ఆయన అటూ ఇటూ తిప్పి చదివి, నిజంగానే జాలిపడ్డారు.

"చూడమ్మా, దీంట్లో విషయం ఉంది, కథ లేదు. వంతెన కొట్టుకుపోయింది, కట్టించండి. ఇంతేనా? ఇది చదివితే నాకేమనిపించాలి?"

కట్టించాలని అనిపించాలండీ అని నోటిదాకా వచ్చింది. కాని పని తనది, కుర్చీ ఆయనది. ఆ మాట మింగేసి, వెళ్ళి కేంద్రంలో పేరు రాయించుకుంది.

ఇంట్లో చెబితే ఏస్తేరు పొయ్యి దగ్గరనుంచి తల కూడా ఎత్తలేదు. "మురుగు దాటడానికి యేషాలు కట్టాల్సొచ్చిందా? మీ నాన్నుంటే నవ్వి చచ్చేవోడు," అంది.

కేంద్రంలో నటన నేర్పే మాస్టారి పేరు బసవపున్నయ్య. నాటకాల కంపెనీల్లో నలభై ఏళ్ళు పనిచేశారు గాని, ఆ నలభై ఏళ్ళూ ఆయనకి దక్కింది భటుడి వేషమే. లోపలికి రావడం, శత్రువులు కోట ముట్టడించారని చెప్పడం, పోవడం. ఆ కసి అంతా కడుపులో ఉండిపోయింది. అందుచేత ఎవరికి ఏ పాత్ర నేర్పినా మహారాజులాగే నేర్పేవారు. పట్టాదారు పాసుపుస్తకం రాలేదని చెప్పుకునే రైతు కూడా ఆయన చేతిలో పడితే ఛాతీ విరుచుకుని, ఒక కాలు ముందుకేసి, ఆకాశంకేసి చెయ్యి చాపి మొదలుపెట్టేవాడు. మంచి మనిషి. గొంతు చివరి బల్ల దాకా వినపడకపోతే మాత్రం చాక్‌పీసు విసిరేవారు.

ప్రశాంతికి ఆశ్చర్యం కలిగించిన సంగతేమిటంటే, ఈ తతంగం తనకి నచ్చింది. నలుగురి ముందు నిలబడి, మాట ఆపి, ఆ నిశ్శబ్దంలో వాళ్ళ ఊపిరి వినడం ఆమెకి కల్లు తాగినంత హాయిగా ఉండేది. వంతెన కోసం వచ్చి ఇదేమిటని తనని తనే తిట్టుకునేది. మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

నెల తిరక్కుండా చక్రధరరావుగారు ఉత్తర్వు జారీచేశారు. "ప్రతి అర్జీయందును ఆరంభము, సంఘర్షణ, పతాక సన్నివేశము, ఆశావహమైన ముగింపు అను నాలుగు అంగములు విధిగా ఉండవలెను. నిరాశతో ముగియు అర్జీలు జిల్లా ప్రతిష్ఠకు భంగకరములు గాన స్వీకరింపబడవు." దాంతోపాటు దర్బారు హాల్లో వేదిక లేచింది. దానికి తెర, రంగు దీపాలు, పక్కన హార్మోనియం. ముందువరుసలో శాఖాధికారులు మార్కులు వేసే కాగితాలతో కూర్చున్నారు.

మొదటి సోమవారం సరిహద్దు తగాదాతో వచ్చిన ఒక రైతుని సంఘర్షణ ఎవరితో అని అడిగారు. మా తమ్ముడితోనండి అన్నాడు. తమ్ముడు లేకుండా సంఘర్షణ ఎలా పండుతుంది, వెళ్ళి తీసుకురమ్మన్నారు. తమ్ముడు మొదట రానన్నాడట. వేదిక, దీపాలు, హార్మోనియం అని విని, తలకి నూనె రాసుకుని మరీ వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ వేదిక మీద గట్టు తగాదాని ఎంత బాగా పండించారంటే, వచ్చే సోమవారం కూడా రమ్మన్నారు. గట్టు ఎక్కడిదక్కడే ఉంది. వాళ్ళు మాత్రం ఇప్పుడు పక్క మండలాల్లో కూడా వేస్తున్నారు.

ఆ తర్వాత వంతు ప్రశాంతి పెద్దమ్మ మరియమ్మది. ఏస్తేరుకి అక్క, పేటలో అందరికీ పెద్ద దిక్కు. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టకపోవడంతో ఆవిడకి వృద్ధాప్య పింఛను ఆగిపోయింది. వేదిక ఎక్కి, చేతులు కట్టుకుని, నాకు ముసలితనం వచ్చింది బాబూ, పింఛను రావట్లేదు అని చెప్పి దిగిపోయింది. ముందువరుస పెదవి విరిచింది. నడకలో వణుకు లేదు, గొంతులో జీర లేదు, ముసలమ్మ పాత్రకి ఈవిడ న్యాయం చెయ్యలేకపోయిందని రాశారు.

మరియమ్మ తరఫున మళ్ళీ ప్రదర్శించడానికి కేంద్రం నుంచి లీలాకృష్ణ అనే కుర్రాణ్ణి పంపారు. వాడికి ఇరవై రెండేళ్ళు. నెత్తిన సున్నం పూసుకుని, నడుం వంచి, వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి నడవడానికే చాలాసేపు తీసుకుని, మధ్యలో దగ్గి, మనవడి పేరు మర్చిపోయి వెతుక్కున్నాడు. హాలంతా చెంగులు కళ్ళకద్దుకుంది. అక్కడికక్కడే పింఛను మంజూరైంది. మంజూరైంది లీలాకృష్ణ పేరున. వేలిముద్ర కూడా వాడిదే చక్కగా పడింది.

మరియమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు ఆ అబ్బాయినే మెచ్చుకుంది. "ఎంత బాగా చేశాడనుకున్నావే, నాకే నా మీద జాలేసింది," అని చెల్లెలితో అంది.

జనం ఇలా ఎదిగిపోతుంటే అధికారులు వెనకబడిపోతున్నారని చక్రధరరావుగారికి బెంగ పట్టుకుంది. వాళ్ళకి శ్రవణాభినయం అనే తరగతులు పెట్టించారు. అర్జీదారు చెబుతున్నప్పుడు తల ఎన్ని డిగ్రీలు పక్కకి వంచాలి, కళ్ళద్దాలు ఏ ఘట్టంలో తియ్యాలి, నిట్టూర్పు ముక్కుతోనా నోటితోనా అని బసవపున్నయ్యగారు వివరంగా నేర్పారు. ఈ విద్యలో అందరినీ మించినవాడు మురుగుకాలవల శాఖ ఇంజనీరు కోటిలింగం. గుండె మీద చెయ్యి వేసుకుని, కింది పెదవి చిన్నగా వణికించి, తప్పకుండా చూస్తామమ్మా అని ఆయన అంటే, అర్జీ పెట్టినవాళ్ళే ఆయన్ని ఓదార్చి వెళ్ళేవాళ్ళు.

అలాంటి రోజుల్లో ప్రశాంతి వేదిక ఎక్కింది.

తల్లి పడిపోయిన రోజునే కథగా కట్టుకుంది. ఏస్తేరుని, పెద్దమ్మని, పేటలో సగం మందిని వెంటబెట్టుకొచ్చి వెనకవరుసలో కూర్చోబెట్టింది. నెత్తిన బియ్యం మూటతో, ఒట్టి నేల మీద ఆమె ఒక్కొక్క అడుగే వేస్తుంటే చూసేవాళ్ళకి కింద మురుగు నీళ్ళు కనిపించాయి. కాలు జారింది. మూట పోయింది. చెయ్యి విరిగిన చప్పుడు నాలుకతో పలికించింది. హాలు ఒక్కసారి అదిరి, ఆ వెంటనే చప్పట్లతో మారుమోగింది.

వెనకవరుసలో ఏస్తేరు వంకర చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. తను పడ్డ రోజు ఒడ్డున ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఇవాళ ఇంతమంది చప్పట్లు కొడుతున్నారు. ఆమె లేచి బయటికి వెళ్ళిపోయింది. ప్రశాంతి వేదిక మీదనుంచి అది చూసింది. తలుపుకేసి రెండడుగులు వేసి ఆగింది, ముందువరుస దాన్ని కూడా నటనలో కలిపి మార్కులు వేసింది.

ఇక ఆశావహమైన ముగింపు మిగిలింది. అది లేకపోతే అర్జీ తీసుకోరు. ఉత్తర్వు ప్రకారం ప్రశాంతి వంతెన బొమ్మ వేసిన గుడ్డ తెరని దింపించి, దాని ముందు నిలబడి, అయ్యా, మా వంతెన వచ్చింది, మా పేట బతికింది అని చేతులు జోడించింది. హార్మోనియం ఎత్తుకుంది. కోటిలింగం వెక్కి వెక్కి ఏడ్చాడు. ప్రథమ బహుమతి ఆమెకే ఇచ్చారు.

పదిరోజులు ఆగి, వంతెన పని ఎప్పుడు మొదలుపెడతారని అడగడానికి వెళ్ళింది. చక్రధరరావుగారు ఆమెని చూసి ఎంతో సంతోషించి, కుర్చీ వేయించి, టీ తెప్పించారు. ఏ పని అని అడిగారు. కంప్యూటరులో చూపించారు. నల్లరేవు పేట వంతెన అర్జీ, పరిష్కృతం.

"ఎవరు పరిష్కరించారండీ?"

"నువ్వేనమ్మా. వంతెన వచ్చిందని అర్జీదారు స్వయంగా, సభాముఖంగా, ఆనందబాష్పాలతో ప్రకటించారు. అర్జీదారు మాటని కాదనడానికి శాఖకి అధికారం ఎక్కడిది?"

అది మీరు పెట్టమన్న ముగింపేనండీ అని ప్రశాంతి అంది. ఆయన ఒప్పుకున్నారు. అందుకే ఆ ముగింపులో ఎవరూ వేలు పెట్టడానికి వీల్లేదన్నారు. అక్కణ్ణుంచి మురుగుకాలవల ఆఫీసుకి పరుగెత్తింది. కోటిలింగం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు గాని, ఈసారి పెదవి నిజంగానే వణికింది. రికార్డులో ఉన్న వంతెన మీద ఇంకో వంతెన కడితే ఒకే పనికి రెండుసార్లు బిల్లు చేశానని తన ఉద్యోగం తీసేస్తారని చెప్పాడు. ఆఫీసు పెరట్లో పెద్ద పెద్ద సిమెంటు తూములు పిచ్చితీగలు అల్లుకుని పడి ఉన్నాయి. అవి ముందటేడు ఆ వంతెన కోసమే తెప్పించినవని, అర్జీ తేలేదాకా ఆగమన్నారని, ఇప్పుడు తేలిపోయిందని కూడా అతనే చెప్పాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇటు దూలం తప్ప మరేమీ లేని పేట అటు కాగితం మీద వంతెన గల పేట అయి కూర్చుంది. ప్రశాంతి ఇంటికొచ్చి చెబితే ఏస్తేరు కేకలేస్తుందనుకుంది.  ఆమె మాత్రం కూతురికి అన్నం పెట్టి, ఆనక మెల్లగా అంది.

"ఎనిమిది గడపలోళ్ళు పిల్లల్ని బడి మాన్పించారే. నోటితో కట్టావుగా, ఇప్పుడు దాన్ని చేత్తో కూడా కట్టించు. నువ్వు తప్ప చేసేవోళ్ళు లేరు."

 తల్లి తిట్టి ఉంటే బాగుండేదని ప్రశాంతికి అనిపించింది.

కథనం ద్వారా కట్టబడిన వంతెన అంటూ చక్రధరరావుగారు ఆ ప్రదర్శన వీడియోని ఊరూరా పంచారు. అది రాజధానికి చేరింది. అక్కడి పెద్ద కార్యదర్శిగారు చూసి కన్నీరు పెట్టుకుని, ఆ వంతెనని, ఆ అమ్మాయిని కళ్ళారా చూడాలని కబురు పంపారు. ఇంకొకరైతే గుండె ఆగి పోయేవారు. చక్రధరరావుగారు బసవపున్నయ్యగారిని పిలిచి, గుడ్డ, వెదురు, అట్టలతో ఒక వంతెన సెట్టు వెయ్యమన్నారు. పెద్దాయన రోడ్డు మీద కారు దగ్గరే నిలబడి దూరం నుంచి చూసి వెళ్ళిపోతారని ధీమా. ప్రశాంతి దాని పక్కన నిలబడి కృతజ్ఞత నటించాలి.

ప్రశాంతి వెంటనే ఒప్పుకుంది. అంత సులువుగా ఒప్పుకున్నందుకు చక్రధరరావుగారు కొంచెం అనుమానపడ్డారు కూడా. ఆమె ఒక్కటే కోరింది, ఆనాటి ప్రదర్శన తనే రాస్తానంది. రాసి ఇచ్చింది. ఆయన మొదటి పేజీలో తన గురించి ఉన్న ప్రశంస చదివి, మిగతాది చదవకుండానే సంతకం చేసి, నిబంధన ప్రకారం ఆమోదానికి రాజధానికి పంపారు.

ఆమోదం వచ్చాక చదివారు. మూడో అంకంలో పెద్ద కార్యదర్శిగారు సతీసమేతంగా, పేట ఆడవాళ్ళు పాటలు పాడుతుండగా వంతెన మీద నడిచి వెళ్ళి, అవతల చర్చి ముందు పేటవాళ్ళతో కలిసి భోజనం చేస్తారు. ఈ సన్నివేశం అద్భుతంగా ఉన్నదని, తమ అత్తగారు కూడా వస్తానంటున్నారని, పత్రికలవాళ్ళని, టీవీవాళ్ళని పిలవమని పైన పెద్దాయన స్వహస్తాలతో రాశారు. ఆ అత్తగారు బాగా భారీ మనిషి అని జిల్లా అంతా ఎరుగును.

చక్రధరరావుగారికి ముచ్చెమటలు పట్టాయి. మూడో అంకం తీసెయ్యమని ప్రశాంతిని బతిమాలారు. ఆమె బసవపున్నయ్యగారు నేర్పిన డిగ్రీలకి తల వంచి, ఆయన చెప్పిందంతా శ్రద్ధగా వింది.

"పైనుంచి ఆమోదించిన కథలో అక్షరం మార్చకూడదని మీ ఉత్తర్వేగదండీ సార్. నాదేముంది, నేను పాత్రధారిని."

వెదురు, అట్టల మీద ఆ కుటుంబం నడిస్తే పెద్దమురుగులో ఎవరెవరు ఎంత లోతుకి పోతారో, ఆ తర్వాత తాను ఎంత లోతుకి పోతానో చక్రధరరావుగారు లెక్క వేసుకున్నారు. కోటిలింగాన్ని పిలిపించారు. బరువు మోసే సెట్టు కావాలన్నారు. సెట్టు ఎంత బరువు మోస్తే అది వంతెన అవుతుందో కోటిలింగానికి తెలుసు, కాని అతను నోరెత్తలేదు. వంతెన పద్దు కింద రాయడానికి వీల్లేదు, వంతెన ఇప్పటికే ఉంది. అందుకని రంగాలంకరణ పద్దు కింద రాశారు. కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు, పెరట్లో పడి ఉన్న తూములు తీగలు తెంచుకుని లారీలెక్కాయి.

రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడకుండా పొడుగునా గుడ్డ కట్టి, దాని వెనక పట్టపగలే పని చేశారు. తూములు దించి, రాళ్ళు పేర్చి, మట్టి కొట్టి, పైన సిమెంటు పలకలు పరిచారు. బసవపున్నయ్యగారు మాత్రం ఇది నాటకం సెట్టేనన్న నమ్మకంతో రెండు పక్కలా అట్టతో సింహాల తలలు పెట్టించారు. పేటవాళ్ళు అవతలి ఒడ్డున వరుసగా కూర్చుని మాట్లాడకుండా చూశారు. మాట్లాడితే ఆపేస్తారేమోనని వాళ్ళ భయం.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దాయన నడిచారు, సతీమణి నడిచారు, అత్తగారు నడిచారు, కెమెరాలు వెనక్కి వెనక్కి నడిచాయి. అత్తగారి ప్రతి అడుగుకీ చక్రధరరావుగారు కళ్ళు మూసుకున్నారు. ఏమీ కదల్లేదు. వృద్ధురాలి పాత్ర లీలాకృష్ణే వేసి అత్తగారి చెయ్యి పట్టుకుని నడిపించాడు. మరియమ్మని ఈ సన్నివేశంలో వద్దన్నారు. ఆవిడ చర్చి దగ్గర కూరలు తరుగుతూ, అంతా చూసి, కుర్రాడు ఈసారి దగ్గు మరిచిపోయాడని తప్పు పట్టింది. పెద్దాయన భోజనం చేసి, వంతెనని మెచ్చుకుని, ప్రశాంతి నెత్తిన చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయారు. మర్నాడు పేట పిల్లలందరూ, ఈత రానివాళ్ళతో సహా, బడికి పోయారు. ప్రశాంతి ఒడ్డున నిలబడి వాళ్ళు దాటేదాకా చూసి, ఎవరూ చూడకుండా ఏడ్చింది. అది ఏ మాస్టారూ నేర్పని ఏడుపు.

వారం తిరక్కముందే కోటిలింగం ట్రాక్టరు వేసుకొచ్చాడు. ప్రదర్శన ముగిసిన తర్వాత రంగాలంకరణ సామగ్రి విప్పి కొట్టులో జమ చెయ్యాలని నిబంధన. తూములు, రాళ్ళు, పలకలు, సింహాలతో సహా తీసుకురమ్మన్నారని సిగ్గుపడుతూ చెప్పాడు. పేట పేటంతా వంతెన మీదకి వచ్చి నిలబడింది. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. ప్రశాంతి వాళ్ళని ఆగమని చెప్పి, ప్రదర్శన ముగిసిందని ఎవరన్నారని అడిగింది. ఆమోదం పొందిన కథలో ఆఖరి వాక్యం ఇది: "నల్లరేవు పేట ప్రజలు ఈ వంతెన మీద సంతోషముగా నడుచుచుందురు." ఆశావహమైన ముగింపు. వాళ్ళు నడుస్తున్నంతకాలం నాటకం నడుస్తున్నట్టే లెక్క.

కోటిలింగం ట్రాక్టరు వెనక్కి తిప్పాడు. అతని మొహంలో అంత ఆనందం ఏ తరగతిలోనూ ఎవరూ చూడలేదు. చక్రధరరావుగారు ఫైలు చదివి, న్యాయంగానే ఉందన్నారు. అయితే ప్రదర్శన సాగుతున్నదీ లేనిదీ నెలకోసారి ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి ధ్రువీకరించాలన్నారు. ప్రజలు నడవాలి, సంతోషముగా నడవాలి. ఏ నెలలో సంతోషం కనబడకపోయినా ప్రదర్శన ముగిసినట్టు భావించి సామగ్రి తొలగించబడును.

మొదట్లో ఇదొక ఆట అయింది. జీపు కనపడగానే పిల్లలు గెంతేవాళ్ళు, ఆడవాళ్ళు పళ్ళికిలించేవాళ్ళు, కోటిలింగం టిక్కు పెట్టుకుని మజ్జిగ తాగి వెళ్ళేవాడు. ఏస్తేరు మాత్రం ఆ వేళకి ఇంట్లోంచి బయటికి వచ్చేది కాదు. తన వల్ల కాదు, తను నటించే జాతి కాదు అనేది.

ముసురు పట్టిన రోజుల్లో మరియమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. పింఛను మళ్ళీ రానేలేదు. శ్మశానం మురుగుకి ఇవతల, రోడ్డు దాటాక ఉంది. పెట్టె భుజాన వేసుకుని, పాస్టరుగారు ముందు నడుస్తుంటే, పేటంతా ఏడుస్తూ బయలుదేరింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇవతలి ఒడ్డున జీపు ఆగి ఉంది.

కోటిలింగం గొడుగు కూడా వేసుకోకుండా దిగి నిలబడ్డాడు. అతనికి ఈ సంగతి తెలియదు. నెలాఖరు, అతని పక్కన పరిశీలనకని చక్రధరరావుగారు కూడా ఉన్నారు. ఆయన తల సరిగ్గా నేర్పినంత పక్కకి వంచి, ఎంతో విచారంగా మొహం పెట్టి, చేతిలో కాగితం తెరిచి చూస్తున్నారు. వేరే రోజు వద్దామా సార్ అని కోటిలింగం గొణిగాడు. నెల దాటిపోతుంది కదయ్యా అని ఆయన అన్నారు.

జనం ఆగిపోయారు. అందరూ ప్రశాంతికేసి చూశారు.  ఆమె నేర్చుకున్నదంతా నోట్లో మట్టిలా అయింది. పెద్దమ్మ పెట్టెకేసి, వెనక ఆగిన బడిపిల్లలకేసి చూసింది.

ఏస్తేరు కూతుర్ని పక్కకి జరిపి ముందుకొచ్చింది. వంకర చేత్తోనే చెంగు తీసి మొహం గట్టిగా తుడుచుకుంది. అక్క పెట్టె మీద చెయ్యి వేసింది.

"నవ్వండ్రా. అక్క కూడా అదే అనేది. ఆ చివరిదాకానే," అంది.

తను వంతెన మీద కాలు పెట్టి, చక్రధరరావుగారి కళ్ళలోకి చూస్తూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆమె వెనక పెట్టె మోసేవాళ్ళు నవ్వారు, పాస్టరుగారు నవ్వారు, పిల్లలు నవ్వారు, ప్రశాంతి నవ్వింది. వానలో తడుస్తూ ఒక్కొక్కరే నవ్వుకుంటూ సింహాల మధ్యనుంచి నడిచారు. చక్రధరరావుగారు ఇంత సహజమైన నటన తను ఎన్నడూ చూడలేదని కోటిలింగంతో అని, కాగితం మీద టిక్కు పెట్టారు. కోటిలింగం మొహం అవతలికి తిప్పుకున్నాడు.

వంతెన దిగగానే అందరూ మళ్ళీ ఏడుపందుకున్నారు.